సోమవారం కాటా దగ్గర

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన వారం మీ లేఖల పేజీలో ఒక పాఠకుడు క్రైస్తవుల గురించి రాసిన ఉత్తరం చదివాను. మైకులు పెట్టి చెవులు చిల్లులు పొడుస్తారని మొదలుపెట్టి, చివర్లో ఒక ప్రశ్న వేశారు. ఆదివారం అంత గట్టిగా పాడేవాళ్లు సోమవారం పొద్దున మిగతావాళ్ల కంటే ఏ విధంగా మెరుగ్గా ఉంటున్నారు అని. మా చర్చి సంఘంలో కొందరు ఆ పేపరు పట్టుకుని మా ఇంటికే వచ్చారు, దీనికి గట్టిగా జవాబు రాయాలని. గట్టిగా అంటే వాళ్ల ఉద్దేశం కోపంగా అని. నాకు కోపం రాలేదు. మా వేదిక మీద నుంచి రావాల్సిన ప్రశ్న మీ పేజీలో వచ్చింది, అంతే.

మైకుల సంగతి ముందు తేల్చేస్తాను. ఆయన రాసింది నిజం. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మైకు పెట్టకూడదని నిబంధన ఉంది. గుడికైనా, మసీదుకైనా, చర్చికైనా అదొకటే. పక్కింట్లో పరీక్షలకు చదువుకునే పిల్లను ఏడిపించే ఉపవాస ప్రార్థన దేవుడికి చేరుతుందని నేను అనుకోను. ఇక సోమవారం సంగతి. దాని గురించి మాట్లాడటానికి నాకు కాస్త హక్కుంది. గుంటూరు మిర్చి యార్డులో, రైతు సరుకును వ్యాపారికి అమ్మిపెట్టే కమీషన్ కొట్ల గుమస్తాగా నా బతుకు గడిచింది. శని, ఆదివారాలు యార్డుకు సెలవు కాబట్టి, సీజన్లో వారం సరుకంతా సోమవారమే మీద పడుతుంది.

యార్డు చూడనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. సంక్రాంతి దాటాక సరుకు ముమ్మరమవుతుంది. పల్నాడు, ప్రకాశం, కర్నూలు వైపు నుంచి, అటు తెలంగాణ నుంచి, కర్ణాటక నుంచి కూడా లారీలు రాత్రంతా దిగుతూనే ఉంటాయి. రైతు కాయల్ని గోతాంలో తొక్కి కుట్టుకుని తెస్తాడు. మేం దాన్ని టిక్కీ అంటాం. నలభై కేజీల పైచిలుకు ఉంటుంది. రకం తేజ కానివ్వండి, బాడిగ కానివ్వండి, 341 కానివ్వండి, మచ్చు తీసి చూసి, ధర తేలాక టిక్కీ కాటా ఎక్కుతుంది. నారు పోసిన దగ్గర్నుంచి ఆ మనిషి పడ్డ పాటంతా అక్కడ ఒక అంకె అవుతుంది. ఆ అంకె చీటీలో వేసేవాణ్ణి నేను.

ఇద్దరు హమాలీలు టిక్కీని ఎత్తి కాటా మీద పడేస్తారు. పడ్డ అదురుకు అంకెలు పరిగెడతాయి. 44.600, 42.900, 43.950. రెండు మూడు సెకన్లు ఓపిక పడితే 43.700 దగ్గర నిలబడతాయి. కానీ వెనకాల ఇంకో టిక్కీ అప్పటికే భుజం మీద ఉంది. ఘాటుకు అందరూ దగ్గుతున్నారు, మూతికి కట్టుకున్న తువ్వాలు తడిసి ముద్దయింది, బయట లారీవాడు హారను కొడుతున్నాడు. గుమస్తా ‘నలభై మూడూ’ అని కేకేసి 43 వేసేస్తాడు. ఏడు వందల గ్రాములు పోయాయి. అబద్ధం ఎవరూ ఆడలేదు. నలభై మూడు ఉన్న మాట నిజమే కదా. ఆ తర్వాత గోతాం బరువని కొంత, మచ్చుకు పోయాయని కొంత, తేమ ఉందని కొంత, తాలు కాయ, అంటే రంగు పోయిన నాసి కాయ, కలిసిందని ఇంకొంత. అన్నీ కలిపి తరుగు. రైతు తల గోక్కుంటూ చీటీ మడిచి జేబులో పెట్టుకుంటాడు.

మా నాన్న ఒంగోలు వైపు మాదిగపల్లె నుంచి పొగాకు కంపెనీలో పనికి గుంటూరు వచ్చాడు. అక్కడ మావాళ్లు బాప్టిస్టులు. ఇక్కడ అద్దె ఇంటికి దగ్గరగా ఉన్నది లూథరన్ గుడి, కాబట్టి మేం లూథరన్లం అయ్యాం. సిద్ధాంతాల తేడాల గురించి నాన్న ఏనాడూ బుర్ర పాడుచేసుకోలేదు. గుంటూరులో లూథరన్లంటే 1842 జూలై 31న ఈ ఊళ్లో అడుగుపెట్టిన మిషనరీ ఫాదర్ హయ్యర్ నాటి మాట. ఆయన్ని ఇక్కడికి రమ్మన్నది అప్పటి కలెక్టరు స్టోక్స్ దొర. ఏసీ కాలేజీ, కుగ్లర్ ఆస్పత్రి ఆ మిషన్ పెట్టినవే అని ఊరందరికీ తెలుసు. నావరకు ఆ మిషన్ ఇచ్చినదాంట్లో అన్నిటికంటే పనికొచ్చింది ఒక పల్చటి పుస్తకం. చిన్న ప్రశ్నోత్తరి అంటాం. ఇంట్లో పెద్దవాడు పిల్లలకు, పనివాళ్లకు నేర్పుకోవడానికి వీలుగా 1529లో జర్మనీ మత సంస్కర్త మార్టిన్ లూథర్ రాసింది. పిల్లలు సంఘంలో పూర్తి సభ్యులయ్యే కన్ఫర్మేషన్‌కు ముందు మా పాస్టరు అయ్యగారు దాన్ని కంఠతా పట్టించేవారు. బైబిల్లోని పది ఆజ్ఞల్లో ఒక్కోటి చెప్పి ‘దీని భావమేమి?’ అని అడుగుతారు, మేం గడగడా అప్పజెప్పాలి.

మా లెక్కలో ‘దొంగిలకూడదు’ అన్నది ఏడో ఆజ్ఞ. దాని భావం లూథర్ ఇలా చెప్తాడు, నా మాటల్లో రాస్తున్నాను. పొరుగువాడి డబ్బు, సొమ్ము తీసుకోవద్దు. నాసి సరుకు అంటగట్టో, మోసపు బేరం చేసో దాన్ని రాబట్టుకోవద్దు. అక్కడితో ఆపడు. అతని ఆస్తి, అతని జీవనాధారం బాగుపడేలా, పదిలంగా ఉండేలా సాయపడాలి అంటాడు. పిల్లప్పుడు ఈ చివరి ముక్క మాకు పెద్ద బెడద. పొడుగ్గా ఉంటుంది, మర్చిపోతే బెత్తం. కాటా దగ్గర నిలబడ్డాక అదే ముక్క గుర్తుకు రావడం మొదలైంది. నేను రైతు జేబులో చెయ్యి పెట్టలేదు, సరే. అతని ఏడు వందల గ్రాములు అతనికి దక్కేలా చూశానా?

నిజం చెప్పాలంటే, కాటా నేర్పినాయన క్రైస్తవుడు కాదు. మా పెద్ద గుమస్తా గారు చీరాల వైపు వైశ్యులు, మెడలో తులసి పూసలు. అంకె నిలబడేదాకా ఆయన నోరు తెరిచేవారు కాదు. హమాలీ విసుక్కుంటే ‘ఆగవయ్యా, దాన్ని కూడా ఊపిరి పీల్చుకోనీ’ అనేవారు. గ్రాములతో సహా వేసేవారు. ఇదెక్కడ నేర్చుకున్నారండీ అని ఒకసారి అడిగాను. ‘నేర్చుకునేదేముంది అబ్బాయ్, రైతు ఎదురుగానే ఉన్నాడుగా’ అన్నారు. ఈ సంగతి గుళ్లో సాక్ష్యంగా చెబితే ఒకరిద్దరు మొహం చిట్లించారు, అన్యుల గొప్ప మనకెందుకని. తర్వాతిసారి మళ్లీ అదే చెప్పాను. నిజాయితీ మన ఒక్కరికే రాసిచ్చినట్టు బైబిల్లో ఎక్కడా లేదు. మంచి సమరయుడి కథ చెప్పింది యేసు ప్రభువే. ఆ కథలో దెబ్బలు తిని దారిలో పడున్నవాణ్ణి చూసి పక్కనుంచి తప్పుకుపోయినవాళ్లు గుళ్లో పనిచేసేవాళ్లు, ఆగి ఆదుకున్నది పరాయివాడైన సమరయుడు.

అయితే నీ విశ్వాసం నీకు వేరుగా ఇచ్చిందేమిటి అని మీ పాఠకుడు అడగవచ్చు. ఇంకో కొట్టులో జరిగింది చెప్తాను, ఆయనే చూసుకుంటారు.

పెద్ద గుమస్తా గారు పోయాక నేను కొట్టు మారాను. కొత్త షావుకారు మావాడే. మా సంఘంలో పెద్ద, ఆదివారం కానుక సంచి పట్టుకుని తిరిగే మనిషి. సీజను మంచి ఊపు మీద ఉండగా ఒక సాయంత్రం పిలిచారు.

‘ఏమయ్యా, గ్రాములు కూడా వేస్తున్నావంట?’

‘అవునండి.’

‘యార్డంతా ఒక లెక్క, నీదొక లెక్కా? కొనేవాడు ఊరుకుంటాడా?’

‘రైతు మళ్లీ మన కొట్టుకే వస్తాడు గదండి.’

‘నీ భక్తి గుళ్లో చూపించు. ఇక్కడ జీతమిచ్చేది నేను.’

మర్నాటి నుంచి నన్ను కాటా మీంచి తీసి పద్దుల దగ్గర కూర్చోబెట్టారు. జీతం తగ్గలేదు కానీ సీజన్లో కాటా గుమస్తాకు వచ్చే పైడబ్బులు పోయాయి. అది మా అమ్మాయి కాలేజీలో చేరే ఏడు. మా ఆవిడ రాత్రి బాగా పొద్దుపోయేదాకా కుట్టుమిషను దిగేది కాదు. నాకు కొన్నాళ్లు గుడికి వెళ్లబుద్ధి కాలేదు. కానుక సంచి ముందుకొచ్చినప్పుడు ఆ చెయ్యి చూడాలి కదా. మా ఆవిడ ఒక ఆదివారం చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి ‘గుడి ఆయనదా?’ అంది. మాట్లాడకుండా చొక్కా తొడుక్కున్నాను. ఆ వారం ప్రభురాత్రి భోజనం, అంటే రొట్టె, ద్రాక్షారసం అందరూ పంచుకునే ఆరాధన. మోకాళ్లూని తలెత్తితే పక్కన ఆయన. ఇద్దరికీ ఒకే గిన్నె. నీ సహోదరుడికి నీ మీద విరోధముంటే అర్పణం అక్కడే విడిచిపెట్టి వెళ్లి సమాధానపడు అని మత్తయి అయిదో అధ్యాయంలో ఉంది. ఆ మాట ఎన్ని ప్రసంగాల్లో విన్నానో! పక్కన అసలు మనిషే మోకరించి ఉంటే తప్ప దాని బరువు తెలియలేదు. గుడి బయట చెప్పుల దగ్గర ‘వందనాలండి’ అన్నాను. ఆయనా ‘వందనాలు’ అన్నారు. అంతకుమించి ఏమీ జరగలేదు.

మరుసటి సీజనుకు ఆయనే మళ్లీ కాటా మీదికి పిలిచారు. మారుమనస్సు పొందారని రాస్తే ఉత్తరం అందంగా ఉంటుంది కానీ అలా జరగలేదు. రైతులు నా పేరు చెప్పి అడుగుతున్నారని పిలిచారు. గ్రాములు వేయనిచ్చారు, తాలు పేరున కోత పెంచారు. ఇక్కడ వదిలింది అక్కడ పట్టుకున్నారన్నమాట. నా చేతిలో ఉన్నది నేను చేశాను. మిగతాది ఆయనకూ దేవుడికీ మధ్య.

విశ్వాసంలో ఎదగడమంటే నాకు తెలిసింది ఇంతే. మొదట్లో అంకె నిలబడేదాకా ఆగాలంటే పళ్లు బిగబట్టాల్సి వచ్చేది. వెనకనుంచి వచ్చే తిట్లు అక్షరం అక్షరం వినబడేవి. కొన్నేళ్లకు తిట్లు ఉన్నాయి గానీ వినబడటం మానేశాయి. లోపల వెలుగులేమీ రాలేదు, స్వరాలేమీ వినబడలేదు, చేతికి అలవాటైపోయింది. మా అయ్యగారొకరు దీన్నే పరిశుద్ధాత్మ చేసే పని అన్నారు. మిరపకాయల కాటాకు అంత పెద్ద మాట ఎందుకులే అనుకున్నాను అప్పుడు. ఇప్పుడు ఆయన మాటే సరైందేమో అనిపిస్తోంది.

ఆ చిన్న పుస్తకం చివర్లో పొద్దున లేస్తూనే ఏం చేయాలో కూడా ఉంది. సిలువ గురుతు వేసుకో, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన చెప్పుకో, కావాలంటే ఇంకో చిన్న ప్రార్థన చేసుకో, ఒక పాట పాడుకుంటూ సంతోషంగా పనికి పో. రాత్రి కూడా ప్రార్థన చేసుకుని, వెంటనే హాయిగా నిద్రపో అంటాడు. ఈ ‘వెంటనే’ నాకు చాలా ఇష్టం. గంటల తరబడి అరిచి ప్రార్థిస్తే తప్ప దేవుడు వినడని భయపెట్టే ఈ రోజుల్లో, పడుకోవయ్యా అని చెప్పే వేదాంతి ఉండటం ఎంత మేలో. నేను సైకిలు మీద యార్డుకు పోతూ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోంచి ఏదో ఒకటి కూనిరాగం తీసేవాణ్ణి, ఎక్కువగా పురుషోత్తమ చౌదరి గారివి. ఆ పుస్తకంలో పాట పైన రాగం, తాళం పేర్లు ఉంటాయి. నాకు ఆ పేర్లు చదవడం వచ్చు. అంతకుమించి అడగకండి.

ఇప్పటి పిల్లలకు ఇదంతా చప్పగా ఉంటుందని తెలుసు. వాళ్ల ఫోన్లో రోజుకో దైవజనుడు. స్వస్థత సభలు, ప్రవచనాలు, నీకు ఈ నెలలో ఇల్లు వస్తుంది, వీసా వస్తుంది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో బైబిలు వచనం అచ్చేసిన వాగ్దాన కార్డులు తీసుకోవడం మాకూ ఉంది, నేనూ తీసుకుంటాను. తలగా ఉంటావు గాని తోకగా ఉండవు అని వస్తే అందరికీ చూపించుకుంటాం. ఆ కార్డుల కట్టలో ‘దొంగత్రాసు యెహోవాకు హేయము, సరియైన గుండు ఆయనకిష్టము’ అన్న వచనం నాకెన్నడూ తగల్లేదు. గుండు అంటే తూకం రాయి. సామెతలు 11వ అధ్యాయం, మొదటి వచనం. అచ్చేసేవాళ్లకు తెలియక కాదు, అది ఎవరికొస్తే వాళ్లు మొహం మాడ్చుకుంటారని. ఆమోసు గ్రంథం ఎనిమిదో అధ్యాయం తీస్తే ఇంకా దారుణం. అందులో వ్యాపారులు విశ్రాంతి దినం ఎప్పుడైపోతుందా, కొట్టు ఎప్పుడు తెరుద్దామా అని చూస్తుంటారు. కొలత తగ్గిద్దాం, త్రాసు మోసం చేద్దాం, చచ్చు ధాన్యం అమ్ముదాం అనుకుంటూ ఉంటారు. క్రీస్తు పుట్టడానికి ఏడు వందల ఏళ్ల పైమాటే అది. మంచి కాయలో తాలు కలిపే విద్య గుంటూరులో పుట్టలేదని అప్పుడు తెలిసింది.

మా కోత పండుగలో వేలం చూడాలి మీ పాఠకుడు. ఎవరి పంటలోంచి, పెరట్లోంచి వాళ్లు తెచ్చినవి గుడి ముందు కుప్ప పోస్తారు. గుమ్మడికాయ, అరటిగెల, కోడిపుంజు, ఒక్కోసారి మేకపిల్ల. ఒక్కొక్కటే వేలం పాడతారు. బజార్లో వందకు వచ్చే గుమ్మడికాయ వేలల్లోకి పోతుంది, చప్పట్లు మోగుతాయి, పాడినవాళ్ల పేరు మైకులో చదువుతారు. నాకు ఆ వేలం ఇష్టమే, మా మనవడికి మరీ ఇష్టం. కాని ఒక్కోసారి ఆ కోడిపుంజును పట్టుకున్న చెయ్యి గురువారం టిక్కీకి ఎంత కోసిందో నాకు తెలుసు. అప్పుడు చప్పట్లు కొట్టలేను. బైబిల్లో పన్ను వసూలు చేసే సుంకరి జక్కయ్య, యేసును చూడాలని ఎక్కిన చెట్టు దిగాక ప్రభువును విందుకు కూర్చోబెట్టి ఊరుకోలేదు. నేనెవని యొద్దనైనా అన్యాయంగా తీసుకుంటే నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. అది వేలం కాదు, ఎవరి చీటీ వాళ్లకు.

మా ఆవిడది వేరే దారి. ఎసరు పెట్టి, బియ్యం కొలిచాక, కడగబోయే ముందు ఒక పిడికెడు తీసి డాల్డా డబ్బాలో వేస్తుంది. పిడికెడు బియ్యం అంటారు, మా నాయనమ్మ నుంచి వచ్చిన అలవాటు. డబ్బా నిండితే ఆదివారం గుడికి పోతుంది. స్త్రీల సమాజంవాళ్లు అన్నీ పోగుచేసి, ఆసరా లేనివాళ్ల ఇళ్లకు పంపుతారు. నేను పద్దుల దగ్గర కూర్చున్న ఆ వేసవిలో, ఈ నెలకు ఆపుదామా అన్నాను. ‘కొలిచేటప్పుడే తీసేస్తే తెలియదు. వండాక తియ్యాలంటే ప్రాణం పోతుంది’ అంది, చెయ్యి ఆపకుండానే. దశమభాగం, అంటే రాబడిలో పదో వంతు కానుక ఇవ్వడం మీద నేను విన్న ప్రసంగాలు అన్నీ కలిపినా ఇంత తేటగా లేవు.

మా నాయనమ్మ గురించి కూడా ఒక ముక్క. మావాళ్లు చేరిన బాప్టిస్టుల ఒంగోలు మిషన్ అంటే అందరూ చెప్పేది 1878 జూలై 3. వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఆ ఒక్కరోజు 2,222 మందికి బాప్తిస్మం. మా వేదికల మీద ఆ అంకె చెప్పినప్పుడల్లా హల్లెలూయాలు. దాని ముందూ వెనకా ఉన్నది చెప్పేవాళ్లు తక్కువ. ముందు 1876–78 నాటి ధాత కరువు. ఆ మిషన్ మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి పని చూపించాడు. వాళ్లు బాప్తిస్మం ఇమ్మని అడిగితే ఇవ్వలేదు. కడుపు కోసం వస్తున్నారో, నమ్మి వస్తున్నారో తేలాలి కదా. సాయం ముగిసేదాకా ఆపాడు. ఈ కాలంలో చెయ్యెత్తినవాళ్లను లెక్కపెట్టి పోస్టరు వేసేవాళ్లు ఆ ఓపిక కొంచెం నేర్చుకోవాలి.

ఇక బాప్తిస్మం తర్వాత. చేరినవాళ్లు మూడు సంగతులు ఒప్పుకోవాలి. విగ్రహాలకు మొక్కకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, ఆదివారం పని చేయకూడదు. ఈ మూడోది కరణాలకూ మునసబులకూ మంటెక్కించింది. పిలిస్తే వెట్టికి పరిగెత్తాల్సిన మాదిగ ‘ఈ రోజు రానండి’ అనడం ఎక్కడైనా ఉందా? మా నాయనమ్మ వాళ్ల పెద్దల నోట విన్నది చెప్పేది. ఆదివారం రామంటే సోమవారం కూలి లేదు, మంగళవారం లేదు, ఊళ్లోకి పోతే తిట్లు. ఆ సోమవారాలు గడుపుకున్నవాళ్ల మనవరాలు కాబట్టి ఆమెకు విశ్వాసమంటే కడుపు మాడ్చుకోవడం కూడా అని తెలుసు. నాకు కాటా పోయినప్పుడు ఆమె బతికి లేదు. ఉంటే ‘అంతేనా?’ అనేది.

దోర్నకల్‌లో అజరయ్య బిషప్ గారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్, పల్లెల్లో సంఘాలు కట్టేటప్పుడు మురికి, జబ్బు, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాల మీద యుద్ధం ప్రకటించారని పెద్దలు చెప్పేవారు. దయ్యాలు వెళ్లగొట్టడం అంటే మా చిన్నప్పుడు అదీ అర్థం. అప్పు తీరిందా, తాగుడు మానాడా, పిల్లలు బడికి పోతున్నారా? ఇప్పుడు దయ్యం అంటే స్టేజి మీద జుట్టు విరబోసుకుని ఊగడం. మా సంఘంలోనే వడ్డీకి తిప్పే పెద్దలున్నారు. వాళ్లను ఎవరూ ఏమీ అనరు.

ఇక ఇప్పటి సంగతి. కళ్లు మందగించి నేను పని మానేశాను కానీ పాత పరిచయాలతో అప్పుడప్పుడు యార్డుకు పోతూ ఉంటాను. 2023లో ఇరవై వేలు దాటి పలికిన తేజ 2025 సీజన్లో ఎలా పడిపోయిందో మీరే మొదటి పేజీలో వేశారు. ఆ ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించింది, 2.91 లక్షల టన్నుల వరకు. ధర గుమస్తా చేతిలో లేదు, పాస్టరు చేతిలో లేదు. తూకం మాత్రం మన చేతిలోనే ఉంది. ఆ ప్రకటించిన ధరకే లెక్క వేద్దాం. గ్రాములు వదిలేసినందుకు టిక్కీకి సగటున అర కేజీ పోయిందనుకోండి. యాభై టిక్కీలు తెచ్చిన రైతుకు పాతిక కేజీలు, అంటే 2,945 రూపాయలు. మచ్చు, తేమ, తాలు కోతలు ఇందులో కలపలేదు. కాయ కోసిన కూలీలకు అతనింకా ఇవ్వాల్సిన బాకీలో ఒక ముక్క అది. వాళ్లలో సగంమంది మా సంఘాల ఆడవాళ్లే. వాళ్లు మళ్లీ ఆదివారం వచ్చి, ఉన్నదాంట్లోంచి కానుక వేస్తారు.

మా అయ్యగార్లకు నేను అడిగేది పెద్దదేం కాదు. సీజను మొదట్లో, జనవరిలో, ఒక్క ఆదివారం లూకా మూడో అధ్యాయం తీసి చదవండి. బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి సుంకరులు వచ్చి మేమేం చేయాలి బోధకుడా అని అడిగారు. ఆయన ఉద్యోగం మానెయ్యమనలేదు, అడవికి పొమ్మనలేదు, ‘మీకు నిర్ణయింపబడినదానికంటె ఎక్కువ తీసికొనవద్దు’ అన్నాడు. కమీషన్ కొట్టుకు ఇంతకంటే సూటిగా చెప్పే వచనం నాకు తెలియదు. చదివి కూర్చోకండి, పేర్లెత్తకుండానే పనులెత్తండి. కాటా గుమస్తాకు, రేషన్ డీలరుకు, ఆస్పత్రిలో చేతిలో ఏదైనా పడితే గాని స్ట్రెచరు కదపని మనిషికి, సంతకానికి రేటు కట్టిన ఆఫీసరుకు. అందరూ మన బెంచీల మీదే ఉన్నారు. వచ్చే ఆదివారం కానుక కాస్త తగ్గవచ్చు. తగ్గితే ప్రసంగం తగలాల్సినవాళ్లకు తగిలిందన్నమాట.

సంపాదకులు గారూ, మీకు కూడా ఒక మనవి ఉంది, అసలు ఈ ఉత్తరం దానికోసమే ఇంత పొడుగైంది. కత్తిరించాల్సి వస్తే పైన ఎక్కడైనా కత్తిరించండి, ఇది ఉంచండి. మీరు రోజూ మిర్చి ధరలు వేస్తారు. రకం పేరు, కనిష్ఠం, గరిష్ఠం, ఎన్ని టిక్కీలు వచ్చాయి. దాని పక్కన ఇంకొక గడి గీయండి. ఆ రోజు టిక్కీకి సగటున ఎంత తరుగు కోశారో వేయండి. దానికి ఏ ఆఫీసు అనుమతీ అక్కర్లేదు. కాటా చీటీలు రైతుల జేబుల్లోనే ఉంటాయి. సాయంత్రం గేటు దగ్గర నిలబడి, తిరుగు లారీ కోసం చూస్తున్న నలుగురిని అడిగితే చూపిస్తారు. ఆ గడి అచ్చయిన వారం మా సంఘస్థుల్లో కొందరికి మీ మీద, నా మీద కోపం వస్తుంది. రానివ్వండి. మీ విలేకరికి లెక్క తీసే మనిషి తోడు కావాలంటే నేను వస్తాను. కళ్లజోడు పెట్టుకుంటే గ్రాములు ఇంకా కనిపిస్తున్నాయి.

ఇట్లు,
ఒక మాజీ కాటా గుమస్తా,
గుంటూరు
(పేరు ప్రచురించవద్దని మనవి. మా ఆవిడకు ఇష్టం లేదు.)